రూతమ్మ మీద నేను రాసిన కేసు

ఈ మే నెలలో మా వీధిలో వాళ్లు కొందరు ఊటీ వెళ్లారు, కొందరు అరకు వెళ్లారు. నేను మేడ్చల్ వెళ్లాను. తిరిగొచ్చాక "ఏం చూశారు మాస్టారూ?" అని అడిగిన వాళ్లకి "ఒక టెంట్ హౌస్ చూశాను" అని చెబితే జాలిగా నవ్వి ఊరుకుంటున్నారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

తణుకులో ఒక ప్రైవేటు కాలేజీలో ఇరవై ఆరేళ్లుగా మేనేజ్‌మెంట్ పాఠాలు చెబుతున్నాను. చెబుతున్నాను అనడం కంటే నోట్సు రాయిస్తున్నాను అంటే నిజం చెప్పినట్టవుతుంది. ఈ ఏడాది మా ప్రిన్సిపాల్ గారు పిలిచి, "ఇకమీదట కేసు పద్ధతిలో పాఠాలు చెప్పాలండీ. శామీర్‌పేట దగ్గర ఐదు రోజుల శిక్షణ ఉంది, వెళ్లి నేర్చుకు రండి. కుదరకపోతే జూన్‌లో మీ పేపరు కొత్తగా చేరినాయనకి ఇచ్చేద్దాం," అన్నారు. ఆయన నవ్వుతూనే అన్నారు. నాకే నవ్వు రాలేదు.

మేడ్చల్: సల్ల

మేడ్చల్ స్టేషన్ బయట ఆటో ఎక్కగానే డ్రైవరు వెనక్కి తిరిగి "సార్, సల్ల తాగుతవా?" అన్నాడు. చల్లగా ఏదైనా తాగుతావా అంటున్నాడనుకున్నాను.

"ఏముంది చల్లగా?"

"సల్లనే సార్."

"అదేనయ్యా, చల్లగా ఏమిటి అంటున్నాను."

"అరే, సల్ల సార్, సల్ల!"

ఇలా లాభం లేదనుకున్నాడేమో, రోడ్డు పక్కన ఆపి ఒక గ్లాసు నా చేతిలో పెట్టించాడు. మజ్జిగ! అల్లం, కరివేపాకు, ఉప్పు సమంగా పడ్డాయి. పదిహేను రూపాయలు. ఆ ఎండకి యాభై అన్నా ఇచ్చేవాణ్ణి.

ఇక్కడి వాళ్లు 'సార్' అంటూనే 'నువ్వు' అంటారు. మా గోదావరి వైపు 'మీరు' అనకపోతే పెళ్లిసంబంధాలు తప్పిపోతాయి. మొదటి రోజు నాకు కాస్త గుచ్చుకుంది. మూడో రోజుకి, ఆ 'నువ్వు'లో ఉన్న దగ్గరతనం మా 'మీరు'లో లేదని తెలిసింది. ఐదో రోజుకి నేనే అందరినీ 'నువ్వు' అనడం మొదలుపెట్టాను. ఇంటికొచ్చాక మా మామగారిని కూడా అనేశాననుకోండి, అది వేరే గొడవ.

శామీర్‌పేట: నోరు కట్టేసుకోవడం

చెరువు దాటి కొంచెం లోపలికి ఉంది ఆ సంస్థ. మాలాంటి లెక్చరర్లం నలభై మందిమి వచ్చాం. మాకు నేర్పేది వసుంధర మేడం. రిటైరైన ప్రొఫెసరు, డెబ్బైకి దగ్గర, గొంతు ఎప్పుడూ పెంచరు. పెంచాల్సిన అవసరం ఆమెకి ఎన్నడూ వచ్చి ఉండదు.

కేసు పద్ధతి అంటే ఏమిటో ఆమె ఐదు నిమిషాల్లో చెప్పేశారు. నిజంగా జరిగిన ఒక వ్యాపారం కథ రాయాలి. యజమాని ఏదో ఒకటి తేల్చుకోవాల్సిన చోట కథ ఆపేయాలి. 'మీరైతే ఏం చేస్తారు?' అని పిల్లల్ని అడగాలి. వాళ్లు వాదించుకుంటారు. మాస్టారు జవాబు చెప్పకూడదు, ప్రశ్నలు మాత్రమే వెయ్యాలి.

"ఎప్పటికీ చెప్పకూడదా?" అన్నాను.

"ఎప్పటికీ," అన్నారామె.

ఆ మధ్యాహ్నమే నన్ను ముందుకి పిలిచి, ఒక ఐస్‌క్రీమ్ కంపెనీ కేసు ఇచ్చి, మిగతా లెక్చరర్లని విద్యార్థులనుకుని నడపమన్నారు. మొదటి ప్రశ్న వేశాను. ఎవరూ పలకలేదు. ఫ్యాను చప్పుడు వింటూ ఓపిక పట్టాను. రెండో ప్రశ్న వేశాను. ఒకాయన దగ్గాడు. నాలుగో నిమిషంలో నా ప్రమేయం లేకుండానే నా నోట్లోంచి "నోట్ చేసుకోండి" అని వచ్చేసింది. విచిత్రమేమిటంటే మిగతా లెక్చరర్లందరూ టక్కున పెన్నులు తీశారు.

వసుంధర మేడం కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "రేపట్నుంచి రెండు రోజులు ఊళ్ల మీదికి వెళ్లండి. మీరే ఒక కేసు రాసుకు రండి. రాసింది ముందు ఆ యజమానికి చూపించి, సరే అన్నాకే నాకివ్వాలి," అన్నారు.

చివరి ముక్క నేను సరిగా వినలేదు. వినుంటే ఈ యాత్రలో చెప్పుకోదగ్గది ఏమీ ఉండేది కాదు.

గండిమైసమ్మ: పారిపోయిన వాళ్లు

బాగా రద్దీగా ఉండే చౌరస్తా కదా, వ్యాపారాలకి కొదవుండదని ముందు గండిమైసమ్మ వెళ్లాను. పంక్చర్ షాపు ఆయన్ని పలకరించి, "మీ మీద ఒక కేసు రాద్దామని వచ్చానండీ," అన్నాను.

ఆయన చేతిలో ట్యూబు కిందపడింది. "కేసా? నేనేం జేసిన సార్? మొన్న లొల్లి అయినప్పుడు నేను గీడ లేనే లేను!" నేను నోరు తెరిచే లోపు షట్టరు సగం దిగింది. ఇంకో మాట అనే లోపు మిగతా సగం కూడా దిగింది.

మాట మార్చి చూశాను. పక్కనే ఇంకొకాయనతో "నాకొక కేసు కావాలండీ," అన్నాను. ఆయన ముఖం విప్పారింది. "ఒక్కటేం సరిపోతది సార్? ఎంతమందికి ఫంక్షను? బీరేనా?" తలెత్తి చూస్తే అది మద్యం షాపు.

మిర్చిబజ్జీల బండి దగ్గర నిలబడ్డాను. నాలుగు బజ్జీలు ముప్పై రూపాయలు. మా వైపు బజ్జీలో వాము పెడతాం, ఇక్కడ చింతపండు పెడతారు. తింటూ బండి ఆవిడకి మొత్తం వివరించాను. శ్రద్ధగా విని, "గా కేసులు మాకొద్దు సార్. బజ్జీలు తిన్నవ్, పైసలియ్యి, పైలంగ పో," అంది. అంత స్పష్టంగా నేను ఇరవై ఆరేళ్లలో ఒక్క పాఠమూ చెప్పలేదు.

అత్వెల్లి: మాటల్లేని ఇల్లు

మర్నాడు అత్వెల్లిలో, హైవేకి దగ్గరగా ఒక రేకుల షెడ్డు ముందు ఆగాను. లోపల ఎర్ర కుర్చీలు గుట్టలుగా ఉన్నాయి. యాభై ఏళ్లావిడ కింద కూర్చుని ఒక్కో కుర్చీకి వీపు ఆనే చోట తెల్ల రంగుతో 'రూ.దా.' అని రాస్తోంది. 'రూ' అంటే రూతమ్మ, అంటే ఆవిడే. 'దా' అంటే ఆమె భర్త దానియేలు. పక్కనే చర్చి, చర్చి పక్కన వాళ్ల ఇల్లు. పెళ్లిళ్లకి, బోనాలకి, చర్చి కూడికలకి టెంట్లు, కుర్చీలు, వంట గిన్నెలు అద్దెకిస్తారు.

ముందురోజు అనుభవంతో భయపడుతూనే, "అమ్మా, ఒక కేసు రాద్దామని..." అన్నాను.

ఆమె తల కూడా ఎత్తలేదు. "రాయి. గని మా మీద గాదు. రోడ్డు మీద కొత్త ఫంక్షన్ హాలు గట్టిండు సూడు, గాయన మీద రాయి. పదిహేను రోజుల సంది మా ఇంట్ల మాటల్లేకుంట జేసిండు."

నేను కూర్చున్నాను. కుర్చీ మీద రంగు ఇంకా ఆరలేదు. నా నీలం చొక్కా వీపు మీద 'రూ.దా.' తిరగబడి అచ్చయింది.

సంగతి ఇదీ. ఆ హాలు యజమాని వీళ్ల సామానంతా కొనేస్తానన్నాడు. ఇద్దరికీ హాల్లోనే జీతం మీద పని ఇస్తానన్నాడు. ఆదివారంలోగా చెప్పమన్నాడు. అమ్మేద్దామని రూతమ్మ అంటుంది. ఛస్తే అమ్మనని దానియేలు అంటాడు. ఆ రోజు నుంచీ ఇద్దరూ మాట్లాడుకోవడం మానేశారు.

"ఎందుకమ్మా అమ్మేద్దామంటున్నావు?"

"అలసిపోయిన సార్," అంది క్లుప్తంగా.

ఇంతలో దానియేలు వచ్చాడు. పొడుగ్గా, మెల్లగా నడిచే మనిషి. భోజనాల వేళయింది. రూతమ్మ నా వైపు తిరిగి, "సార్, తినడానికి లేస్తడా లేదా అడుగు," అంది. ఆయన నాకు నాలుగు అడుగుల దూరంలో ఉన్నాడు. అడిగాను.

"ఆకలి లేదని జెప్పు సార్."

"ఆకలి లేదటమ్మా."

"ఇనబడ్డది. పొద్దుగాల గూడ తినలేదని జెప్పు."

ఇలా పావుగంట నేను వాళ్లిద్దరి మధ్య పోస్టుమ్యాన్‌ని అయ్యాను. చివరికి ముగ్గురం తిన్నాం. మామిడికాయ పప్పు, పచ్చిపులుసు. మా వైపు పులుసంటే పొయ్యి మీద మరగాల్సిందే. వీళ్లు కాచనే కాచరు. చింతపండు రసంలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి నలిపి వేసేస్తారు. మూడుసార్లు పోయించుకున్నాను. కేసు రాసుకోవడానికి సరేనని రూతమ్మ నా కాయితం మీద సంతకం కూడా పెట్టింది, నేనింకా ఒక్క అక్షరమైనా రాయకముందే.

గౌడవెల్లి: పోయినాయన స్నేహితుడు

చెయ్యి కడుక్కుంటుండగా దానియేలుకి ఫోనొచ్చింది. గౌడవెల్లిలో ఒక పెద్దాయన పోయాడట. దానియేలు మరో మాట లేకుండా ట్రాలీ ఆటోలో కుర్చీలు, ఒక టెంటు వేయించాడు. వ్యాపారం దగ్గర్నుంచి చూడొచ్చని నేనూ ముందు సీట్లో ఎక్కాను.

దార్లో ఆయన ఉన్నట్టుండి, "సార్, నీకొక్కనికే జెప్తున్న," అన్నాడు. "నా నడుము పోయింది. డేక్సా లేపితె కండ్లల్ల చుక్కలు కనబడ్తున్నయి."

డేక్సా అంటే వందల మందికి అన్నం వండే పెద్ద గిన్నె. మా వైపు గుండిగ అంటాం.

"మరి రూతమ్మకి చెప్పలేదా?"

"ఎట్ల జెప్పాలె? తెలిస్తె రేపే అమ్మేస్తది. పన్నెండు కుర్చీలతోని ఆమెనే మొదలువెట్టింది సార్ గీ దుకాణం. నా నడుము కోసం అమ్మాల్నా? ఇంగొకటి, గా హాలాయన ఒకప్పుడు మా దగ్గర కుర్చీలు మోసినోడు. గాన్ని నేను సార్ అనాల్నా?"

గౌడవెల్లిలో ఆ ఇంటి ముందు నేను కూడా కుర్చీలు దింపడానికి సాయం పట్టాను. ఎండకి కళ్లలో చెమట కారి, రుమాలుతో తుడుచుకుంటూ నిలబడ్డాను. ఒక ముసలాయన వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఏడ్వకు బిడ్డా. మంచిగ బతికిండు, మంచిగ పోయిండు."

కాదని చెప్పే సమయం కాదది. తలూపాను. రెండు నిమిషాల్లో, పోయినాయన చిన్ననాటి దోస్తు ఆంధ్రా నుంచి వచ్చిండని ఊరంతా తెలిసిపోయింది. నాకు చాయ్ తెచ్చారు. నీడలో కూర్చోబెట్టారు. పోయినాయన కొడుకు వచ్చి "నువ్వు, మా బాపు ఎక్కడ కలిసి చదువుకున్నరు?" అని అడిగేసరికి ఇక చేసేది లేక, వచ్చిన పని చెప్పి క్షమించమన్నాను. ఆ కొడుకు చాలాసేపటి నుంచి ఏడుస్తున్న మనిషి, ఒక్కసారి నవ్వాడు. "ఉండు సార్. వచ్చినోనివి వచ్చినవ్, దండం బెట్టి పో," అన్నాడు. దండం పెట్టి వచ్చాను.

తిరుగుదారిలో అద్దె ఎంతని అడిగాను. దానియేలు నా వైపు వింతగా చూశాడు. "సావుకు కిరాయేంది సార్?"

మా వైపు దానికి కూడా ధర ఉంటుంది, కాస్త తక్కువగా. ఆ రాత్రికి నేను కేసు నాలుగు పేజీలు రాశాను. చావుల సంగతి వదిలేశాను. ఆదాయం లేనిదాన్ని ఏ పట్టికలో వెయ్యాలో తెలియలేదు. నడుం నొప్పి సంగతి మాత్రం రెండో పేజీలో చక్కగా, విడిగా ఒక పేరాగ్రాఫు రాశాను. అది చదివి నన్ను నేనే మెచ్చుకున్నాను.

మళ్లీ శామీర్‌పేట: నా చొక్కా తడిసిన క్లాసు

ఐదో రోజు నా కేసు కాపీలు నలభై మందికీ పంచారు. నేను బోర్డు దగ్గర నిలబడ్డాను. కిటికీలోంచి చూస్తే గేట్లోకి ఒక ట్రాలీ ఆటో వస్తోంది.

"నేనే పిలిచాను," అన్నారు వసుంధర మేడం. "ఎలాగూ వాళ్లకి చూపించి, ఒప్పించే రాసుంటారు కదా."

ఇస్త్రీ చీరలో రూతమ్మ, ఇస్త్రీ చొక్కాలో దానియేలు వెనక వరసలో కూర్చున్నారు, మధ్యలో ఒక కుర్చీ ఖాళీగా వదిలి.

నేను ఏ ప్రశ్నా వెయ్యకుండా ఉంటే గంట గడిచిపోతుందేమోనని ఆశపడ్డాను. కానీ వరంగల్ నుంచి వచ్చిన మేడం ఒకావిడ చెయ్యెత్తింది. "ఇందులో అసలు సమస్య డబ్బు కాదండీ. రెండో పేజీ చూడండి. దానియేలు గారు నడుం నొప్పిని భార్యకి తెలియకుండా దాస్తున్నారు."

దానియేలు నా వైపు చూశాడు. నేను బోర్డు వైపు తిరిగాను. బోర్డు మీద ఏమీ లేదు, అయినా చదివాను. ఏసీ గదిలో నా చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది.

అప్పుడు వెనక నుంచి నవ్వు వినబడింది. రూతమ్మ!

"గది నాకు తెల్వదనుకున్నవా?" పదిహేను రోజుల తర్వాత మొగుడితో ఆమె అన్న మొదటి మాట అది. "రెండేండ్ల సంది తెల్సు. మంచం మీద పక్కకు తిరిగినప్పుడల్లా మూలుగుతవ్. నాకు చెవులు లెవ్వా?"

దానియేలు ఆమె వైపు తిరిగాడు. "తెల్సా? మరి అడగలే?"

"నువ్వు దాస్తుంటె నేనెట్ల అడుగుదు? ఇజ్జత్ దీసినట్టు గాదా? అందుకే అలసిపోయిన, అమ్ముదం అన్న."

నలభై మందిమీ కాయితాలు పక్కన పెట్టేశాం. ఒక్క విజయనగరం లెక్చరరు మాత్రం వదల్లేదు. అయితే మొత్తం అమ్మేయడమే సరైన నిర్ణయమని లెక్క వేసి చూపించాడు. లెక్క తప్పులేదు.

రూతమ్మ స్కూలు పిల్లలా చెయ్యెత్తింది. "ఒక్కటి అడుగుత సార్. పెండ్లికైతె హాలున్నది. సావుకు ఏ హాలాయన తలుపు దీస్తడు? మొన్న గౌడవెల్లిల కుర్చీలు ఎవలిస్తుండె?"

అందరూ పేజీలు తిరగేశారు. "ఇది కేసులో లేదే?" అన్నారెవరో.

"లేదు," అన్నాను.

"ఎందుకు లేదు?" అన్నారు వసుంధర మేడం, అదే మెల్లని గొంతుతో.

"అద్దె రాదు కాబట్టి రాయలేదండీ."

ఆమె లేచి, నా చేతిలో చాక్‌పీసు తీసుకుని, ఆ మాట యథాతథంగా బోర్డు మీద రాసి వెళ్లి కూర్చున్నారు.

దానియేలు గొంతు సవరించుకున్నాడు. "డేక్సాలు ఇచ్చేద్దం. బరువంత గవ్వే. కుర్చీలు, టెంట్లు మనయే."

"నేను గదే అంటున్న."

"నువ్వెప్పుడన్నవే? అన్నీ అమ్ముదమన్నవ్!"

"నువ్వేమో ఒక్క గంటె గూడ ఇయ్యనంటివి!"

ఇద్దరూ లేచి నిలబడి పోట్లాడుకోవడం మొదలుపెట్టారు. భోజనానికి బెల్లు కొట్టినా ఆపలేదు. మధ్యలో ఖాళీగా ఉన్న కుర్చీని రూతమ్మ కాలితో పక్కకి నెట్టేసింది.

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక వాళ్లు హాలాయనకి అదే చెప్పారట. ఆయన గొణిగాడట, కానీ కొత్త డేక్సాల ధర కనుక్కుని వచ్చి తీసుకున్నాడట.

వసుంధర మేడం నా సర్టిఫికెట్ మీద సంతకం పెడుతూ, "చూపించకుండా రాయడం తప్పు. ఇంకెప్పుడూ చెయ్యకండి," అన్నారు. నేను బయటికి పరుగెత్తి ట్రాలీ దగ్గర దానియేలుకి క్షమాపణ చెప్పాను.

"పరేషాన్ గాకు సార్," అన్నాడు. "నీకొక్కనికి జెప్తె నలభై మందికి జెప్పినవ్. మా దుకాణం గురించి గూడ ఎవలికి జెప్పొద్దని నీకు జెప్త. మస్తు గిరాకీ వస్తది."

తణుకు

జూన్‌లో కాలేజీ తెరిచారు. ఈసారి వాళ్లనడిగి, సరే అన్నాకే, మార్చి రాసిన కేసు మా పిల్లలకి పంచాను. చివరి నిర్ణయం లేకుండా. "మీరైతే ఏం చేస్తారు?" అని అడిగి, నోరు మూసుకున్నాను.

అరవై మంది. ఒక్కరూ పలకలేదు. నాలుక చివర 'నోట్ చేసుకోండి' కదులుతోంది, మింగేశాను. నెమ్మదిగా ముందు బెంచీల వాళ్లు లాభనష్టాలు మాట్లాడారు. అమ్మాలని సగం మంది, వద్దని సగం మంది. ఎప్పుడూ నోరు విప్పని లావణ్య అనే అమ్మాయి లేచి నిలబడింది.

"మాస్టారూ, ఆయన్ని డాక్టరుకి చూపించారా?"

క్లాసంతా నా వైపు చూసింది. శామీర్‌పేటలో నలభై మంది లెక్చరర్లం గంటసేపు వాదించుకున్నాం. ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

అక్కడే ఫోను తీసి స్పీకరు పెట్టి రూతమ్మకి చేసి, ఆ ప్రశ్నే అడిగాను.

"నేను అడగలేదా సార్? పోనంటుండు. సూదంటె భయం."

వెనక నుంచి దానియేలు గొంతు. "నాకేం భయం లేదు!"

క్లాసు గొల్లుమంది. ఫోను దానియేలు చేతికి మారింది.

"ఎవలు సార్ గా నవ్వేది?"

"మా పిల్లలయ్యా."

"ఎంతమంది?"

"అరవై."

"సరే అన్న గని, నా నడుము సంగతి గీ అరవై మందికా జెప్పినవ్?"

మళ్లీ నవ్వులు. లావణ్య నవ్వలేదు. బల్ల దగ్గరికి వచ్చి ఫోను మీదికి వంగింది. "అంకుల్, మా నాన్నగారు కూడా ఇలాగే వెళ్లనన్నారండి. మిల్లులో బస్తాలు మోసేవారు. ఇప్పుడు లేచి కూర్చోలేరు. మీరు సోమవారం వెళ్లండి."

"పోత బిడ్డా," అన్నాడు దానియేలు.

"వెళ్లి, ఏమన్నారో ఫోన్ చేసి చెప్పండి."

"జెప్త."

సోమవారం సాయంత్రం నాలుగున్నరకి స్టాఫ్ రూములో నా ఫోను మోగింది. "దానియేలూ, ఏమన్నారయ్యా డాక్టరు?" అన్నాను ఆత్రంగా.

"నీకు గాదు సార్," అన్నాడు. "గా బిడ్డకియ్యి."

పిల్లలు అప్పటికే వెళ్లిపోయారు. ఫోను చేత్తో పట్టుకుని, చెప్పులు జారుతుంటే, యాభై రెండేళ్ల మనిషిని బస్టాపు దాకా పరుగెత్తాను. బస్సు మెట్టు మీద కాలు పెట్టబోతున్న లావణ్యకి ఫోను అందించాను. ఆమె బస్సు వదిలేసింది.